గంజాయికి అనుమతి ఇస్తే నేరాలు తగ్గుతాయా?

[తెర మీద: కాజీపేట జంక్షన్, ప్లాట్‌ఫాం మీద బ్యాగుల తనిఖీ]

ఆంధ్రా–ఒడిశా సరిహద్దు గంజాయి మహారాష్ట్రకు చేరే దారుల్లో మన వరంగల్, కాజీపేట రైలు మార్గం ఒకటి. బ్యాగు జిప్పు తీస్తే పైన బట్టలు, కింద బ్రౌన్ టేపు బిగించిన పొట్లాలు. టేపు మీద టేపు చుట్టేది వాసన బయటికి రావొద్దనే.

[తెర మీద: 1 కిలో, 20 కిలోలు]

1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టంలో గంజాయికి శిక్ష తూకాన్ని బట్టి ఉంటుంది. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా పోవచ్చు, బెయిలు దొరకడమే గగనం. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ చట్టం లెక్కలో గంజాయి కాదు. వాటిని వేరు చేయకుండా తూచారా అన్న దగ్గర కోర్టులో వాదన మొదలవుతుంది.

"అనుమతిస్తే నేరాలు తగ్గుతాయి" అనేవాళ్లను ముందు ఒకటే అడగాలి: ఏ నేరం?

పోర్చుగల్ 2001లో పది రోజుల వాడకానికి మించని సరుకు దగ్గరుంటే నేరం కాదంది. పట్టుబడినవాళ్లను కోర్టుకు కాదు, వాడకం మాన్పించే దారి చూసే కమిషన్ ముందుకు పంపుతారు. అమ్మకం మాత్రం నేరమే, కాబట్టి స్మగ్లర్‌ దందా చట్టంతో పోలేదు. కెనడా 2018లో దుకాణాలకే లైసెన్సులిచ్చింది. మొదట్లో దుకాణం సరుకు ప్రియం, జనం పాత అమ్మకందారు దగ్గరికే పోయారు. ధర దిగి, దుకాణాలు పెరిగాకే ఇటు మళ్లారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2021లో హెరాయిన్ లాంటి డ్రగ్స్ కొద్దిగా దగ్గరుంటే కేసు బదులు 100 డాలర్ల జరిమానా పెట్టింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అదీ మాఫీ. చేసినవాళ్లు చాలా తక్కువ, చికిత్సా కేంద్రాలు సమయానికి సిద్ధం కాలేదు. 2024లో దాన్ని మళ్లీ నేరంగా మార్చారు.

[తెర మీద: కల్లు దుకాణం]

అంత దూరం ఎందుకు, మన కల్లునే చూడండి. లైసెన్సు ఉంది, దుకాణం ఉంది. చెట్లిచ్చే కల్లు గిరాకీకి చాలని చోట నీళ్లలో అల్ప్రాజోలం అనే మత్తు మందు కలుపుతున్నారు. రోజూ తాగేవాళ్లకు అది ఉన్నట్టుండి ఆగితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. 2015లో కల్తీ మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్ వైపు ఆసుపత్రులకు ఇలాంటి వాళ్లే వచ్చారు. సీసాలో ఏముందో పరీక్షించే చెయ్యి లేకుంటే లైసెన్సు ఉన్నా లాభం లేదు. మా అభిప్రాయంలో అమ్మకానికి అనుమతి ఇవ్వడం కంటే ముందు కావాల్సినవి ల్యాబులు, డీఅడిక్షన్ పడకలు.

[తెర మీద: సెక్షన్ 64ఏ, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446]

ఇప్పటి చట్టంలోనే ఒక దారి ఉంది. వాడకం కేసుగానీ, చిన్న మొత్తం కేసుగానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరితే, 64ఏ కింద ఆ కేసులో విచారణ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కాబట్టి చేర్చే రోజే కోర్సు ఎన్నాళ్లో డాక్టర్‌ను అడిగి, చేరిన కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి.