అరుదైన జబ్బుల కోసం నడక: నడిస్తే ఏమొస్తుంది?

[దృశ్యం: తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ. వీల్‌చైర్ చక్రాలు దగ్గరగా.]

నమస్తే అండి. ఫిబ్రవరి ఆఖరి రోజు రేర్ డిసీజ్ డే. 2008లో యూరప్‌లో మొదలుపెట్టినప్పుడు కావాలనే 29వ తేదీని ఎంచుకున్నారు, నాలుగేళ్లకోసారి వచ్చే అరుదైన రోజని. ఏటా ఆ రోజు దగ్గరపడితే చాలా ఊళ్లలో రీసెర్చ్ కోసం ఛారిటీ వాక్‌లు జరుగుతాయి. పోయినసారి బెజవాడలో నేనూ నడిచాను, మా అక్క కొడుకు వీల్‌చైర్ తోసుకుంటూ. "నడిస్తే జబ్బు తగ్గిపోతుందా?" అని చాలామంది అడిగారు. వాళ్లకి జవాబు చెబుదామనే ఈ వీడియో.

వాడిది డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, కండరాలు రానురాను బలహీనపడిపోయే జబ్బు. ఎక్కువగా మగపిల్లలకి వస్తుంది. మూడేళ్లప్పుడే మెట్లెక్కడానికి అవస్థ పడేవాడు. నేల మీంచి లేవాలంటే తొడల మీద చేతులు ఆనించి లేచేవాడు. పిక్కలు మాత్రం లావుగా ఉండేవి. "గట్టివాడే, కాస్త బద్ధకం అంతే" అనుకున్నాం. ఆ లావు బలం కాదండి. కండ కరిగి, ఆ చోట కొవ్వు చేరుతోంది. కండరాలు దెబ్బతింటున్నాయో లేదో చెప్పే సీపీకే రక్తపరీక్ష, ఆ తర్వాత జీన్ టెస్ట్ చేయిస్తే గానీ జబ్బు పేరు తెలియలేదు. అప్పటికి వాడికి ఏడేళ్లు.

[దృశ్యం: ఆంధ్రప్రదేశ్ మ్యాప్. అక్కడక్కడా దూరదూరంగా చుక్కలు.]

ఇలాంటి అరుదైన జబ్బులు దాదాపు 7 వేలు. ఎక్కువ వాటికి మందే లేదు. డబ్బు ఒక్కటే కారణం కాదు. షుగర్ మీద పరిశోధన చేయాలంటే ఒక్క ఆస్పత్రిలోనే వందలమంది దొరుకుతారు. ఈ పిల్లలు ఊరికొకరు. ఎవరెక్కడున్నారో తెలియాలి. మందు లేకపోతే ఏ వయసుకి జబ్బు ఎంత ముదురుతుందో లెక్క ఉండాలి. ఆ లెక్క లేకుండా, కొత్త మందు పనిచేసిందని దేనితో పోల్చి చెబుతారు? ఆ లెక్క రాసిపెట్టే పుస్తకమే రిజిస్ట్రీ. వాక్‌లో మనుషులు కలిస్తే అందులో పేర్లు చేరతాయి.

ఆ రోజు గుంటూరు నుంచి వచ్చిన ఒకావిడ మా అక్కని ఆపి, "మీ వాడికీ ఇదేనా అండీ?" అని అడిగింది. ఇద్దరూ బ్యారేజీ దాటేదాకా మాట్లాడుకుంటూనే నడిచారు. తన వల్లే వచ్చిందని అక్క ఏళ్లుగా కుమిలిపోయింది. ఈ జీన్ లోపం తల్లి ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా రావచ్చు, నిజమే. కానీ దాదాపు మూడోవంతు పిల్లల్లో అది కొత్తగా వచ్చిన మార్పు. ఎలా వచ్చినా తల్లి చేసిన తప్పు అందులో లేదు. ఆ మాట ఇంకో తల్లి నోట విన్నాకే అక్క మనసు కుదుటపడింది.

ఇక డబ్బు సంగతి. మీరు కట్టే రూపాయి రీసెర్చ్‌కా, పిల్లల వైద్యానికా, టీషర్టులకా? ముందే అడగండి, మొహమాటం వద్దు. పన్ను మినహాయింపుకి పనికొచ్చే రసీదు (80జీ అంటారు) తీసుకోండి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు. వైద్యసాయం వేరే విషయం: అరుదైన జబ్బుల కోసం కేంద్రం తెచ్చిన 2021 జాతీయ విధానం కింద, గుర్తించిన ఆస్పత్రుల్లో ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా ఇస్తారు. హైదరాబాద్ నిమ్స్ అందులో ఒకటి.

[దృశ్యం: వీల్‌చైర్లు ముందు, జనం వెనక.]

నడిచేటప్పుడు వీల్‌చైర్లని దాటి పోకండి, వాళ్ల వేగమే మన వేగం. మన దగ్గర ఫిబ్రవరి చివరికే ఎండ చురుక్కుమంటుంది, నీళ్ల సీసా తెచ్చుకోండి. మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే టెస్ట్ రిపోర్టుల జిరాక్స్‌లు పట్టుకురండి. రిజిస్ట్రీ ఫారం ఇస్తే పూర్తిగా చదివి, అర్థంకానిది అడిగి, అప్పుడు సంతకం పెట్టండి.