గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క ఏం చెబుతోంది?

నమస్కారం. ఒక ప్రేక్షకురాలు పంపిన ప్రశ్నతో ఈ వీడియోను మొదలుపెడుతున్నాను. వారింట్లో రెండేళ్ల లాబ్రడార్ ఉంది. అది అన్నం తినే సమయంలో ఏడేళ్ల కొడుకు దగ్గరికి వెళితే గుర్రుమనేది. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన వ్యక్తి, అలా గుర్రుమన్న ప్రతిసారీ మెడ పట్టుకుని నేలకు అదిమిపెట్టాలని, లేకపోతే ఇంటికి తానే పెద్దనని అది అనుకుంటుందని చెప్పారట. పది రోజులు ఆ పని చేశాక కుక్క గుర్రుమనడం మానేసింది. ఆ తరువాతి వారం, గిన్నె పక్కకు దొర్లిన బంతిని తీసుకోబోయిన పిల్లవాడి చేతిని ఏ చప్పుడూ చేయకుండా కరిచింది. గాయం చిన్నదే, వెంటనే సబ్బుతో కడిగి, ఆసుపత్రికి తీసుకువెళ్లి టీకా వేయించారు. ఆ తల్లి అడిగింది ఒక్కటే: ఇంత మంచి కుక్క హెచ్చరిక లేకుండా ఎందుకు కరిచింది?

అమ్మా, అది మిమ్మల్ని చాలా రోజుల పాటు హెచ్చరించింది. శిక్ష వల్ల పోయింది ఆ హెచ్చరిక ఒక్కటే. దాని వెనుక ఉన్న భయం పోలేదు, పైగా పెరిగింది. పిల్లవాడు దగ్గరికి వస్తే అన్నం పోతుందేమోనన్న బెంగ దానికి మొదటి నుంచీ ఉంది. ఇప్పుడు పిల్లవాడు దగ్గరికి వస్తే మెడ మీద దెబ్బ కూడా పడుతుందని నేర్చుకుంది. గుర్రుమంటే శిక్ష పడుతుంది కాబట్టి ఆ మెట్టు దాటేసి, నేరుగా చివరి మెట్టుకు వెళ్లింది.

మెట్టు అనే మాటను ఊరికే వాడలేదు. బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు కెండల్ షెపర్డ్, కుక్క తన ఇబ్బందిని ఎలా తెలుపుతుందో ఒక నిచ్చెన రూపంలో వివరించారు. ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న కుక్కను గమనించండి. మనిషి గిన్నె వైపు వంగగానే అది ముందు నాలుకతో ముక్కును ఒకసారి నాకుకుంది. నిద్ర రాకపోయినా ఆవులించింది. తరువాత తల పక్కకు తిప్పింది, ఒళ్లు కూడా తిప్పింది. ఇవన్నీ కింది మెట్లు. మనలో చాలామందికి ఇవి కనిపించవు, కనిపించినా ముద్దుగా ఉన్నాయని ఫోటో తీసుకుంటాం. పై మెట్లకు వచ్చేసరికి చెవులు వెనక్కి అతుక్కుంటాయి, తోక కాళ్ల మధ్యకు పోతుంది. అప్పటికీ మనిషి వెనక్కి తగ్గకపోతే కుక్క కొయ్యబారిపోతుంది. నమలడం ఆపి, మూతి గిన్నెలోనే ఉంచి, తల కదపకుండా కంటి కొస నుంచి చూస్తుంది; తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. ఆ క్షణాన్ని గుర్తుపట్టడం ఇంట్లో ప్రతి ఒక్కరికీ రావాలి. గుర్రుమనడం దాని తరువాతి మెట్టు. ఆ పైన మిగిలినవి గాలిలో కొరకడం, కరవడం మాత్రమే. ప్రతి కుక్కా ప్రతి మెట్టూ ఎక్కుతుందన్న నియమం లేదు కానీ, కింది మెట్ల మీద చెప్పిన మాటను మనం వినిపించుకోకపోతే పైకి ఎక్కడం తప్ప దానికి వేరే దారి ఉండదు.

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెత మనుషుల గురించి చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కుక్కల విషయంలో దాన్ని నమ్మకండి. తోక ఊపుతోంది కాబట్టి స్నేహంగా ఉందన్న నమ్మకం కూడా అలాంటిదే. 2007లో ఇటలీ పరిశోధకులు 30 కుక్కలను పరిశీలించినప్పుడు, యజమానిని చూసినప్పుడు తోక కుడి వైపుకు ఎక్కువగా ఊగిందని, బెదిరించేలా ఉన్న కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమ వైపుకు ఎక్కువగా ఊగిందని తేలింది. ఆ తేడాను మామూలు కంటితో పట్టుకోవడం కష్టం. ఒళ్లంతా వదులుగా ఉందా, బిగుసుకుని ఉందా అన్నది చూస్తే చాలు.

ఇక ‘ఇంటికి తానే పెద్దనని అనుకుంటుంది’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, అవి నాయకత్వం కోసం పోట్లాడుకుంటాయని రాశారు. అమెరికా జీవశాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో వెలువరించిన తన గ్రంథంలో ఆ భావనను మరింత మందికి చేరవేశారు. తరువాత కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ ద్వీపంలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసిన అదే మెక్, తోడేళ్ల గుంపు అంటే సాధారణంగా ఒక తల్లి, ఒక తండ్రి, వాటి పిల్లలతో కూడిన కుటుంబమేనని 1999లో ప్రచురించిన వ్యాసంలో స్పష్టం చేశారు. రాసిన మనిషే దిద్దుకున్న మాటను పట్టుకుని మనం ఇంకా కుక్కల మెడలు నేలకు అదుముతున్నాం. అవి తోడేళ్లు కూడా కావు. వేల ఏళ్లుగా మన గడప దగ్గర, మన అన్నం తిని పెరిగిన జీవులు.

అలా అదిమితే ఏమవుతుందో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెగన్ హెరన్ బృందం 2009లో లెక్కగట్టింది. ఆసుపత్రికి వచ్చిన 140 మంది యజమానులు నింపిన ప్రశ్నపత్రాల ప్రకారం, కుక్కను కొట్టడం లేదా తన్నడం చేసినవారిలో 43 శాతం మందికి, నోట్లో ఉన్న వస్తువును బలవంతంగా లాక్కున్నవారిలో 39 శాతం మందికి, వెల్లకిలా పడేసి అదిమిపెట్టినవారిలో 31 శాతం మందికి కుక్క నుంచి ఎదురుదాడి ఎదురైంది. అవి ప్రవర్తన సమస్యలతో వచ్చిన కుక్కలే కానీ, అదుపు చేయడానికి చేసిన పనే దాడికి కారణమైతే ఆ పనిని శిక్షణ అని ఎలా అంటాం?

మరి ఏం చేయాలి? ముందుగా, పిల్లవాణ్ని ఈ పని నుంచి పూర్తిగా తప్పించండి. కుక్క తినేటప్పుడు తలుపు మూసిన గదిలో గానీ, గేటు వేసిన వరండాలో గానీ తిననివ్వండి. శిక్షణ పెద్దవాళ్లు మాత్రమే ఇవ్వాలి. కుక్క తింటున్నప్పుడు, అది నమలడం ఆపకుండా హాయిగా ఉండగలిగేంత దూరం నుంచి నడిచి వెళ్లండి. ఆ దూరం ఆరు అడుగులు కావచ్చు, పన్నెండు కావచ్చు. దాన్ని నిర్ణయించేది కుక్కే. వెళుతూ వెళుతూ, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన, ఎముక లేని కోడిమాంసం ముక్కను గిన్నె వైపు విసిరి, ఆగకుండా ముందుకు సాగిపోండి. గిన్నెలో ఉన్నదాని కన్నా ఆ ముక్క రుచిగా ఉండాలి, లేకపోతే ఈ పనికి అర్థం లేదు. కొన్ని రోజులకు, మీరు వస్తుంటే అది తల ఎత్తి, ఒళ్లు వదులుగా ఉంచి, ముక్క కోసం ఎదురుచూస్తుంది. అప్పుడు అర అడుగు దగ్గరికి జరగండి. కొయ్యబారితే తొందరపడ్డారని తెలుసుకుని వెనక్కి వెళ్లండి. మనిషి దగ్గరికి వస్తే ఉన్నది పోదు, మరికొంత వస్తుందన్న నమ్మకం దాని మనసులో కుదరాలి. చెప్పు ఎత్తుకుపోయినప్పుడు కూడా వెంటపడి లాక్కోకుండా, మంచి ముక్క చూపించి ‘వదులు’ అని చెప్పి మార్చుకోవడం నేర్పండి.

తినే గిన్నెలో చేయి పెట్టి అలవాటు చేయాలన్నది మన ఇళ్లలో చాలాకాలంగా ఉన్న సలహా. నేనూ ఆ తప్పు చేశాను. మా గౌరి దేశీ కుక్క. విశాఖపట్నంలో ఒక ఇల్లు కడుతున్న చోట, ఇసుక కుప్ప పక్కన దొరికిన పిల్ల. పుట్టిన నాటి నుంచి తిండి కోసం తోటి పిల్లలతో పెనుగులాడిన ప్రాణి గిన్నెలో నేను రోజూ చేయి పెట్టాను. నెల తిరిగేసరికి, నేను వంటింట్లోకి అడుగు పెడితేనే అది ఆబగా, ఉక్కిరిబిక్కిరి అవుతూ మింగడం మొదలుపెట్టింది. దాని నమ్మకాన్ని నా చేత్తో నేనే పోగొట్టానని అర్థమయ్యాక చాలా రోజులు బాధపడ్డాను.

ఇంకో విషయం. ఎన్నడూ గుర్రుమనని కుక్క ఉన్నట్టుండి గుర్రుమంటే, శిక్షకుడి కన్నా ముందు పశువైద్యుడికి చూపించండి. పంటి నొప్పి, చెవిలో పుండు, కీళ్ల నొప్పి ఉన్న కుక్క కూడా దగ్గరికి రావద్దనే చెబుతుంది. ఇప్పటికే ఒకసారి కరిచిన కుక్క విషయంలో, ప్రశ్న పంపిన తల్లితో సహా ఎవరూ ఒంటరిగా ప్రయత్నించవద్దు. కొట్టకుండా నేర్పే అనుభవజ్ఞుల సాయం తీసుకోండి.

గౌరితో నేను విసిరే పద్ధతి మొదలుపెట్టి నాలుగు నెలలు దాటింది. ఇప్పుడు పెరుగన్నం తింటుండగా పక్కనే కూర్చున్నా తోక ఊపుతుంది, ఒళ్లు వదులుగానే ఉంటుంది. పచ్చి ఎముక ఇచ్చిన రోజున మాత్రం ఇప్పటికీ గుర్రుమంటుంది. అందుకని ఆ ఎముకను బాల్కనీలో పెట్టి, అది తిని ముగించేదాకా తలుపు దగ్గరికి వేసి ఉంచుతున్నాం.