హాన్ కాలం స్టూల్ అట... 22 కోట్ల యువాన్లు పోశారు!

ఒక్కటి చెప్పండి ఫ్రెండ్స్. రెండు వేల ఏళ్ల కిందట, హాన్ రాజుల కాలంలో, చైనా వాళ్లు స్టూల్ వేసుకుని కూర్చునేవాళ్లా? చాప పరుచుకుని, మోకాళ్లు మడిచి నేల మీద కూర్చునేవాళ్లు! అయినా 2011లో బీజింగ్ వేలంలో 'హాన్ కాలపు' జేడ్ (చైనా వాళ్లు ప్రాణంగా చూసుకునే గట్టి విలువైన రాయి) డ్రెస్సింగ్ టేబుల్, దానికి జతగా ఓ స్టూల్, 22 కోట్ల యువాన్లు పలికాయి. ఆ తర్వాత జియాంగ్సూ రాష్ట్రంలోని పీజౌ ఊరి పనివాళ్లు 'అది మేం 2010లో చేసిందే' అని బయటపెట్టారు.

ఆ పనివాళ్లని తిట్టిపోయాలనిపిస్తుంది కదా? నేను తిట్టను. వాళ్లు రాయి చెక్కారు, అంతే. దానికి రెండు వేల ఏళ్లు అంటగట్టింది 'ఇది పాతదే' అని రాసిచ్చే కాగితం! జేడ్ బజార్లో అమ్ముడుపోయేది రాయి కాదు బాబూ, సంతకం.

నమ్మరా? జేడ్ కవచం కేసు చూడండి. హాన్ రాజవంశీకుల శవాలకి జేడ్ పలకల్ని బంగారు తీగతో కుట్టి తొడిగేవాళ్లు. 1968లో చైనాలోని మాన్‌చెంగ్‌లో దొరికిన హాన్ రాజవంశీకుడు ల్యూ షెంగ్ కవచంలో 2,498 పలకలు. ఎంత ఓపిక చూడండి! బీజింగ్‌లో ఒక వ్యాపారి విడి పలకలు కుట్టించి అలాంటిదే తయారు చేయించాడు. పేరున్న నిపుణులు ఐదుగురు వచ్చారు. గాజు పెట్టె తెరవనే లేదు. బయటినుంచే చూసి 240 కోట్ల యువాన్లని సంతకాలు పెట్టారు! దాన్ని చూపించి అతను బ్యాంకులో అప్పు లాగాడు. మరి దొంగ ఎవరు?

పెట్టె తెరిస్తే కదా ఏదైనా తెలిసేది! చైనాలో హాన్‌కి చాలా ముందే బతికిన లియాంగ్‌జూ వాళ్లు చేసిన 'త్సోంగ్' అనే జేడ్ వస్తువు ఉంది కదా, బయట చతురస్రం, లోపల గుండ్రటి రంధ్రం. జేడ్ ఉలికి లొంగదు, తడి ఇసుక వేసి అరగదీయాల్సిందే. ఆ రంధ్రాన్ని రెండు వైపుల నుంచీ తొలుచుకొచ్చేవాళ్లు. మధ్యలో కలిసేచోట తరచూ సన్నటి గట్టు మిగిలేది. టార్చ్ వేసి చూడండి. నున్నగా గొట్టంలా ఉందా, డబ్బు జేబులోనే ఉంచుకోండి. గట్టు ఉన్నా సంబరపడొద్దు, ఈ గుట్టు నకిలీగాళ్లకీ తెలుసు.

ఇంకొందరుంటారు, 'సార్, మొన్ననే సమాధిలోంచి తీసింది' అని చెవిలో ఊదుతారు. చైనాలో భూమిలోంచి బయటపడిన పురావస్తువు ఏదైనా ప్రభుత్వానిదే. అంటే వాడు చెప్పింది అబద్ధమైతే మీ చేతికొచ్చేది నకిలీ, నిజమైతే దొంగసొత్తు. ఏది కావాలో మీరే కామెంట్లో చెప్పండి!