తుపాకీ పట్టేవారికి పరీక్ష ఉండాలా? లంక పొలాల్లో అడవి పందులపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. పంటల మీద పడుతున్న అడవి పందులను కాల్చేందుకు అనుమతులివ్వాలని గోదావరి లంకల రైతులు పట్టుబడుతున్నారు. కాల్చేవారికి శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేయాలా? జర్మనీలో జింకను వేటాడాలంటే రాత, మౌఖిక, గురి పరీక్షలు మూడూ గట్టెక్కాలి. మనకెందుకు వద్దు?

విశ్రాంత అటవీ అధికారి: ముందు ఒక మాట. మన దగ్గర జింక వేటే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, పంట పాడుచేసే పందినైనా రాతపూర్వక అనుమతితోనే...

రైతు నాయకుడు: ఆ కాగితం వచ్చేలోగా కంద చేను మిగులుతుందా అండీ? ఒక్క రాత్రి మంద దిగితే మోరలతో మట్టి పెళ్లగించి దుంపలన్నీ తినేస్తుంది. అరటి పిలకలు మొదలంటా లేచిపోతాయి. నష్టపోయేది కౌలు రైతు!

వ్యాఖ్యాత: నిజమే. కాని నార్వేలో దుప్పి వేటగాళ్లకు ఏటా గురి పరీక్ష ఉంది...

న్యాయవాది: మనకూ 2016 ఆయుధ నిబంధనల్లో లైసెన్సుకు భద్రతా శిక్షణ ఉంది. అయితే చీకట్లో పరుగెత్తే జంతువును కాల్చడం...

రైతు నాయకుడు: లైసెన్సు ఉన్నవారే దొరకడం లేదు, మళ్లీ పరీక్షా?

న్యాయవాది: పూర్తి చేయనివ్వండి. డెల్టా నేల చదును, గుండును ఆపే గుట్ట ఉండదు. గురి తప్పితే కొబ్బరి తోట దాటి అవతలి పాకలోకి దూసుకుపోతుంది. మంచె మీద నుంచి కిందికి కాలిస్తే నేలలో దిగుతుంది. ఇది నేర్పవద్దా?

అటవీ అధికారి: గాయపడిన పంది మనిషి మీదికే వస్తుంది. దాని వెంట ఎలా వెళ్లాలో కూడా...

రైతు నాయకుడు: (గొంతు పెంచి) కరెంటు తీగల మాటేమిటి? దారి లేక కొందరు పొలం చుట్టూ తీగలు కడుతున్నారు. వాటికి మనుషులే బలవుతున్నారు!

న్యాయవాది: అది కూడా నేరమే కదండీ.

రైతు నాయకుడు: నేరమని మాకూ తెలుసు. కేరళలో 2022లో పంచాయతీ అధ్యక్షులకే అనుమతిచ్చే అధికారం ఇచ్చారు. ఇక్కడ ఎందుకు ఇవ్వరు?

అటవీ అధికారి: అక్కడి షరతులు కూడా...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

వ్యాఖ్యాత: ఒక్కొక్కరుగా దయచేసి! నా ప్రశ్నకే వస్తాను. జర్మనీలో సాధ్యమైనది...

రైతు నాయకుడు: జర్మనీ రైతుకు పరిహారం అందుతుంది. మాకు అందుతోందా? అది అడగండి.

వ్యాఖ్యాత: మంచి ప్రశ్న. మేడమ్, అర నిమిషం.

న్యాయవాది: శిక్షణ ఖర్చు ప్రభుత్వమే భరించి, మండల కేంద్రంలోనే...

రైతు నాయకుడు: ముందు అనుమతి ఇమ్మనండి! శిక్షణ సంగతి తరువాత చూద్దాం.

వ్యాఖ్యాత: సమయం మించిపోయింది. రైతుల డిమాండ్ స్పష్టంగా వినిపించింది. విరామం తరువాత వార్తలు.