ఇద్దరు సుబ్బారావులూ ఒకరేనా? ఆన్‌లైన్ వంశవృక్షంలో డూప్లికేట్ల గొడవ

(స్టూడియోలో యాంకర్, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, రిటైరైన తెలుగు మాస్టారు. వీడియో కాల్‌లో డల్లాస్ నుంచి ఒక మేడమ్, వాళ్ళ పుట్టింటి వంశం అంతా ఆన్‌లైన్లో ఎక్కించే పని మీద ఉన్నారు.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఫ్యామిలీ ట్రీ పెట్టుకునే సరదా మనవాళ్ళకి బాగా ఎక్కింది, సంతోషం, కానీ తీరా తెరిచి చూస్తే ఒకే ముత్తాత మూడు చోట్ల కనిపిస్తున్నాడు. ఎందుకిలా సార్?

ఇంజనీర్: ముందు ఏ సైటో చూడాలండీ. యాన్సెస్ట్రీ లాంటి వాటిలో ఎవరి చెట్టు వాళ్ళదే, మీ ముత్తాత మీ చెట్టులో ఒకసారి, మీ పెదనాన్నగారబ్బాయి చెట్టులో ఒకసారి ఉంటాడు, దాంతో గొడవేం లేదు. ఫ్యామిలీసెర్చ్, జెని, వికీట్రీ అలా కాదు, ప్రపంచం మొత్తానికి ఒకటే చెట్టు, ఒక మనిషికి ఒకే రికార్డు ఉండాలి. అక్కడ అన్నయ్య ఒకసారి ఎక్కించి, చెల్లెలు ఇంకోసారి ఎక్కించి, బాబాయి కొడుకు తన కంప్యూటర్లో ఉన్న జెడ్‌కామ్ ఫైల్ తెచ్చి దించేస్తే ఇంకేముంది, ఉన్నవాళ్ళు ఉన్నారో లేదో చూసుకోకుండా ఊరంతా మళ్ళీ పుడుతుంది.

యాంకర్: జెడ్‌కామ్ అంటే?

ఇంజనీర్: వంశవృక్షాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చుకునే ఫైల్ ఫార్మాట్. 1984లో మార్మన్ చర్చి వాళ్ళు తెచ్చారు, ఫ్యామిలీసెర్చ్ నడిపేది కూడా వాళ్ళే. మంచి ఫార్మాటే, కాకపోతే మనం తొందరపడి అప్‌లోడ్ కొట్టకూడదు, నలుగురైదుగురు ఉంటే చేత్తో ఒక్కొక్కరినీ వెతికి ఎక్కించుకోవడమే మేలు.

డల్లాస్ మేడమ్: నాకైతే అండీ రెండు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, కలిపేయాలనిపిస్తుంది. సైటే చూపిస్తుంది కదా వీళ్ళిద్దరూ ఒకరే కావచ్చు అని, పక్కపక్కన పెట్టి మరీ.

మాస్టారు: "కావచ్చు" అంటోంది కదమ్మా, "అవును" అనట్లేదు. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ, ఇంటిపేరు ఎలాగూ ఒకటే, ఊరు ఒకటే, మరి ఆ మిషనుకి ఎవరు తాతో ఎవరు మనవడో ఎలా తెలుస్తుంది?

యాంకర్: మాకు ప్రేక్షకులు ఒకరు పంపిన కేసు ఉంది మాస్టారూ, పేర్లు మార్చి స్క్రీన్ మీద వేస్తున్నాం. ఎడమవైపు సుబ్బారావు, కుడివైపు సుబ్బారావు, ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. పుట్టిన సంవత్సరం ఎడమవైపు 1905 అని ఉంది, కుడివైపు ఖాళీ, నోట్సులో మాత్రం "విశ్వావసు నామ సంవత్సరం" అని రాశారు. ఒకరేనంటారా?

డల్లాస్ మేడమ్: విశ్వావసు అంటే 1905 కదండీ, నేను లెక్కగట్టా. సరిపోయింది మరి.

మాస్టారు: 1965 కూడా విశ్వావసే తల్లీ. మొన్న 2025 ఉగాదికి వచ్చింది కూడా అదే. అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి తాతా మనవడూ ఒకే పేరుతో ఒకే నామ సంవత్సరంలో పుట్టడానికి ఏ అడ్డూ లేదు. పైగా 1905 ఉగాది నుంచి 1906 ఉగాది దాకా అంతా విశ్వావసే, అంటే మాఘమాసంలో పుట్టినవాడికి ఇంగ్లిష్ లెక్కలో 1906 వెయ్యాలి. చాలామంది అక్కడే తడబడతారు.

యాంకర్: మరి ఎలా తేల్చాలి?

మాస్టారు: తిథి అడగాలి. మన ఇళ్ళల్లో పుట్టిన తేదీలు గుర్తుండవు గానీ తద్దినం పెట్టే ఇళ్ళల్లో పోయిన తిథి మాత్రం నోటికొచ్చు. ఏ మాసం, శుద్ధమా బహుళమా, ఏ తిథి అని అడిగితే ఇంట్లో పెద్దావిడ నిద్రలో లేపినా చెప్తుంది. ఇద్దరి తిథులు వేరైతే ఇద్దరు మనుషులే, ఇంక వాదన అక్కర్లేదు. తిథి కలిసినా భార్య పేరు చూసి గానీ ఖాయం చేసుకోకూడదు.

ఇంజనీర్: దీనికి నాదో చిన్న మాట. సైట్లలో తిథికి గడి ఉండదు, నోట్సులోనే రాయాలి, తెలుగులోనే రాయండి ఏం పర్లేదు. ఇంగ్లిష్ తేదీకి మార్చేసి అసలు తిథి రాయకపోతే రేపు ఇంకొకరు ఇంకోలా మారుస్తారు, రెండు తేదీలైపోతాయి, ఒకే మనిషి మళ్ళీ ఇద్దరిలా కనిపిస్తాడు.

మాస్టారు: ప్రవర చెప్పే ఇళ్ళల్లో పెళ్ళిలో ముత్తాత, తాత, తండ్రి ముగ్గురి పేర్లూ వరసగా చదువుతారు కదా, అది రాసిపెట్టుకున్న పురోహితుడి పుస్తకం దొరికితే సగం చిక్కు విడిపోతుంది. మిగతావాళ్ళకి పాత శుభలేఖలు, పొలం దస్తావేజులు. దస్తావేజులో "ఫలానా వారి కుమారుడు, వయస్సు ఇంత, వ్యవసాయం" అని ఉంటుంది, రిజిస్ట్రేషన్ అయిన ఏడాదిలోంచి వయస్సు తీసేస్తే పుట్టింది సుమారుగా ఎప్పుడో వచ్చేస్తుంది.

యాంకర్: ఇప్పటిదాకా ఒకే పేరున్న ఇద్దరి గురించి మాట్లాడాం. రెండు పేర్లున్న ఒకే మనిషి సంగతేంటి?

మాస్టారు: అది మన దగ్గర ఇంకా ఎక్కువ. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాతి వాడికి పెంటయ్య అనో పుల్లయ్య అనో పెట్టేవాళ్ళు, బళ్ళో వేసేటప్పుడు వెంకటేశ్వర్లు అని రాయించేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళు పెంటయ్య అని ఎక్కిస్తారు, మద్రాసులో ఉన్న మనవడు వెంకటేశ్వర్లు అని ఎక్కిస్తాడు.

ఇంజనీర్: దత్తత కూడా అంతే. కన్నవాళ్ళ ఇంటిపేరుతో ఒకటి, దత్తత వెళ్ళిన ఇంటిపేరుతో ఒకటి. అక్కడ రెండు రికార్డులు అక్కర్లేదండీ, ఒకే మనిషికి ఇద్దరు తల్లిదండ్రుల జంటల్ని తగిలించి, కన్నవాళ్ళు ఎవరు దత్తత తీసుకున్నవాళ్ళు ఎవరు అని సంబంధం దగ్గర మార్క్ చెయ్యొచ్చు. ఇంక ఇంగ్లిష్ స్పెల్లింగులు. సౌండెక్స్ అని అమెరికాలో 1918లో పేటెంట్ తీసుకున్న పాత పద్ధతి ఉంది, పలుకుబడి దగ్గరగా ఉన్న పేర్లని ఒక గుంపులో వేస్తుంది. లక్ష్మిని కేఎస్‌హెచ్‌తో రాసినా ఎక్స్‌తో రాసినా ఒకే కోడ్ వస్తుంది, బ్రహ్మాండం, కానీ అది మొదటి అక్షరం మాత్రం మార్చదు, కాబట్టి ఎర్రయ్యని ఒకరు ఈతో, ఒకరు వైతో మొదలుపెట్టి రాస్తే ఇద్దరూ చెరో గుంపులో పడతారు. మిషను చూపించలేదు కాబట్టి డూప్లికేట్ లేడు అనుకోవద్దు, మీరే వేరే స్పెల్లింగులతో వెతకాలి.

డల్లాస్ మేడమ్: మా చెట్టులో ఒకావిడ రెండు చోట్ల వస్తుంది, అమ్మమ్మ వైపూ నాన్నమ్మ వైపూ. కలపబోతే కలపడానికి రెండోదే లేదు!

ఇంజనీర్: మేనరికం ఉందా మేడమ్?

డల్లాస్ మేడమ్: ఉంది, అక్క కూతుర్ని చేసుకున్నారు.

ఇంజనీర్: అయితే అది డూప్లికేట్ కాదండీ. అలా చేసుకున్నతని తల్లి వాళ్ళ పిల్లలకి ఇటు నాన్నమ్మ, అటు అమ్మకి అమ్మమ్మ కూడా, రికార్డు ఒక్కటే, బొమ్మలో రెండు కొమ్మల మీద కనిపిస్తుంది. రెండు చోట్లా ఐడీ, అంటే సైటు ఇచ్చిన రికార్డు నంబరు చూడండి, ఒకటే అయితే వదిలేయండి. ఐడీలు వేరైతేనే కలపాల్సిన పని.

మాస్టారు: అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. పెద్దభార్య పోతే ఆమె చెల్లెల్నే ఇచ్చి చేసేవాళ్ళు. భర్త ఒకడే, అమ్మానాన్నలు ఒకరే, పేర్లు వెంకటలక్ష్మి, వెంకటసుబ్బలక్ష్మి అని దగ్గరగా ఉంటాయి, ఎవరో తెలివిగలవాడు వచ్చి కలిపేస్తాడు. అప్పుడు ఏమవుతుంది? ఆమె పోయిన నాలుగేళ్ళకి ఆమెకి కొడుకు పుడతాడు.

(నవ్వులు)

ఇంజనీర్: నిజమే, నేనెప్పుడూ ముందు చూసేది అదే, తల్లి పోయిన ఏడాది, పిల్లలు పుట్టిన ఏళ్ళు. నా లెక్కలో డూప్లికేట్ అలాగే పడి ఉన్నా నష్టం తక్కువండీ, కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు ఎప్పటికైనా సరిచేస్తారు. తప్పుగా కలిపితే మాత్రం ఇద్దరు మనుషులు ఒక్కరైపోయి పైకి అంతా శుభ్రంగా కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఫ్యామిలీసెర్చ్‌లో మార్పుల జాబితా ఉంటుంది, వెనక్కి తీయొచ్చు, కానీ దాని మీద ఇంకో నలుగురు మార్పులు చేసేశాక చిక్కుముడి విప్పాలంటే ఓపిక కావాలి. ఇద్దరూ వేరని తేలితే "మ్యాచ్ కాదు" అని నొక్కి ఎందుకు కాదో కారణం రాయండి, "చూశాను, కాదు" అని రాస్తే సరిపోదు, తిథులు వేరు అనో, చెల్లెలు అనో స్పష్టంగా రాయాలి. లేకపోతే ఆర్నెల్లకి ఇంకో కజిన్ వచ్చి కలిపేస్తాడు.

యాంకర్: చివరిగా ఒక్కటి. బతికున్నవాళ్ళ డూప్లికేట్లని ఏం చెయ్యాలి?

ఇంజనీర్: ఫ్యామిలీసెర్చ్‌లో మామూలుగా బతికున్నవాళ్ళు ఎవరి ప్రైవేట్ స్పేస్‌లో వాళ్ళకే కనిపిస్తారు. అంటే మీ అమ్మగారిని మీరు ఎక్కించారు, మీ తమ్ముడు కూడా ఎక్కించాడు, ఒకరిది ఒకరికి కనపడదు, కలపడం కుదరదు, కలపక్కర్లేదు కూడా. పెద్దవాళ్ళు పోయాక ఇద్దరూ ఎవరికివారు చనిపోయారని మార్క్ చేస్తే అప్పుడు రెండూ బయటికొస్తాయి, అప్పుడు కలుపుకోవాలి.

డల్లాస్ మేడమ్: అదెవరు చెయ్యాలో ముందే మాట్లాడుకుంటే పోతుంది కదా. మా ఇంట్లో అయితే తమ్ముడికే అప్పజెప్పేశాం, మిగతావాళ్ళం చూడటమే.

మాస్టారు: మీ తమ్ముడికి తిథులు తెలుసా అమ్మా?

డల్లాస్ మేడమ్: తెలీదండీ, పిన్నికి ఫోన్ చేస్తాడు.

యాంకర్: సరే, టైమ్ అయిపోయింది. ముగ్గురికీ థాంక్సండీ, బ్రేక్ తర్వాత వార్తలు.