కలెక్షన్లు కాదు, వెటకారం లెక్క: 2001–2010 సినిమాల్లో నా ఆరు ర్యాంకులు

(కాలవ గట్టు. కుర్చీ వేసుకుని కూర్చున్న హోస్ట్. వెనక కొబ్బరి చెట్లు.)

నమస్కారమండి. 2001 నుంచి 2010 దాకా వచ్చిన తెలుగు సినిమాల్లో నాకు బాగా నచ్చిన ఆరింటికి ఇవాళ ర్యాంకులు ఇస్తున్నాను. ముందే చెప్పేస్తే గొడవ ఉండదు. ఇందులో ఇంద్ర లేదు, ఒక్కడు లేదు, పోకిరి లేదు, మగధీర లేదు. వాటికి ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాకపోతే వాటి ర్యాంకులు వంద రోజుల పోస్టర్ల మీదే తేలిపోయాయి, మళ్ళీ నేను తేల్చేదేం లేదు.

నా కొలత వేరు. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. మా వైపు ఒక మనిషికి మీరంటే ఎంత ఇష్టమో కనిపెట్టాలంటే, మిమ్మల్ని ఎంత ఓపిగ్గా వెటకారం చేస్తున్నాడో చూడాలి. భోజనానికి పిలిచేటప్పుడు కూడా “ఏమండోయ్, మా ఇంటి అన్నం తమరికి దిగదేంటండి?” అనే పిలుస్తారు. నిజంగా కోపమొస్తే మాత్రం చాలా మర్యాదగా, ముక్తసరిగా మాట్లాడతారు. భయపడాల్సింది అప్పుడు. ఈ తరహా మనుషులు తెర మీద కనపడ్డారా, కనపడినవాళ్ళు చివరిదాకా మనుషుల్లాగే ఉన్నారా, ఇంటర్వెల్ తర్వాత జోకర్లైపోయారా... అదీ లెక్క.

ఈ పదేళ్ళే ఎందుకంటారా? జంధ్యాల, వంశీ లాంటి ఒకరిద్దరిని పక్కన పెడితే, అంతకుముందు గోదావరి యాసని కామెడీ ట్రాక్‌కో, ఊరి పెద్ద వేషానికో అట్టేపెట్టేవారు. హీరోగారు మాత్రం శుభ్రంగా పుస్తకాల భాష మాట్లాడేవారు. 2000 వచ్చేసరికి ఆ వెటకారం హీరో నోట్లోకి ఎక్కేసింది.

(స్క్రీన్ మీద మ్యాప్. ఒక్కో ఊరి దగ్గర చుక్క వెలుగుతుంది.)

ఎక్కించినవాళ్ళ ఊళ్ళు చూడండి. త్రివిక్రమ్, సునీల్ ఇద్దరిదీ భీమవరం. ఎమ్మెస్ నారాయణగారిది నిడమర్రు, సినిమాల్లోకి రాకముందు తెలుగు లెక్చరర్. కృష్ణవంశీది తాడేపల్లిగూడెం. సుకుమార్‌ది రాజోలు దగ్గర మట్టపర్రు. పొద్దున్నే బండి తీస్తే ఈ ఊళ్ళన్నీ తిరిగి రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు.

(ఆరు)

ఆరో ర్యాంకు ఆర్య, 2004. సుకుమార్ మొదటి సినిమా. అంతకుముందు ఆయన కాకినాడలో లెక్కల లెక్చరర్, ఆ సంగతి కథ చూస్తేనే తెలిసిపోతుంది. ఒకడు మేడెక్కి దూకేస్తానని బెదిరించి అమ్మాయి చేత ఊ అనిపించుకుంటాడు. ఇంకొకడొచ్చి, నువ్వు వాణ్ణి ప్రేమించుకో, నా ప్రేమని మాత్రం కాదనకు అంటాడు. రెండో వాడు హీరో. ప్రతి సీనూ ముందు సీనుకి సమాధానం అన్నట్టు కూర్చాడు. అయితే ఇవాళ చూస్తే ఆ వెంటపడటం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. గీత అనే ఆ అమ్మాయికి ఏం కావాలని సినిమా సగం దాకా ఎవరూ అడగరు. అందుకే ఆరు.

(ఐదు)

ఐదు... గోదావరి, 2006.

ఆయ్, తిట్టండి. గోదావరి జిల్లా వాడివై ఉండి గోదావరికి ఐదో ర్యాంకా అని మా ఇంట్లోనే అన్నారు. శేఖర్ కమ్ముల సినిమా, వేటూరిగారి పాటలు, కె.ఎం. రాధాకృష్ణన్ సంగీతం, విజయ్ సి. కుమార్ కెమెరా. బాలుగారి గొంతులో ఆ మొదటి పాట వస్తుంటే రేవులో నిలబడినట్టే ఉంటుంది. అమెరికాలో చదువుకొచ్చి రాజకీయాల్లోకి వెళ్తానంటే ఎవరూ లెక్కచేయని శ్రీరామ్, సొంతంగా బట్టల వ్యాపారం చేసుకుంటానంటే ఇంట్లో పెళ్ళి సంబంధాలు తెచ్చే సీత. ఇద్దరూ ఒకే లాంచీ ఎక్కుతారు. సీత చిరాకుపడే పద్ధతి నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

ఇబ్బంది ఎక్కడంటే, ఆ లాంచీ రాజమండ్రి నుంచి ఎగువకి, భద్రాచలం వెళ్తుంది. మేం ఉండేది దిగువన. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక, అక్కణ్ణుంచి కాలవలు చీలి సుమారు పది లక్షల ఎకరాలకి నీళ్ళందుతున్నాయి. గౌతమి, వశిష్ఠ, వైనతేయ అంటూ నది కూడా పాయలు పాయలుగా విడిపోయి సముద్రంలో కలుస్తుంది. మా గోదావరి అంటే లాకులు, బోదెలు, గుర్రపుడెక్క, సఖినేటిపల్లి రేవులో పంటు కోసం, అంటే బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పడవ కోసం, బండి ఆపుకుని టైము చూసుకోవడం. సినిమాలో ఉన్నది పాపికొండల గోదావరి. అది అందం, ఇది ఆయకట్టు. ఆ అందాన్నీ తీసిపారేయక్కర్లేదు లెండి. లాంచీ దారిలో ఉన్న దేవీపట్నం వైపు ఊళ్ళు ఇవాళ పోలవరం ముంపులో ఉన్నాయి. 2006లో ఆ ఒడ్డు ఎలా ఉండేదో చూడాలంటే ఈ సినిమానే చూసుకోవాలి. డాక్యుమెంటరీ ర్యాంకులు ఇస్తే దీన్ని ఒకటో స్థానంలో పెట్టేవాణ్ణి.

(నాలుగు)

మురారి, 2001. కృష్ణవంశీ. నలభై ఎనిమిదేళ్ళకోసారి ఇంట్లో ఒకరిని తీసుకుపోయే శాపం కథ. కథ సంగతి అలా ఉంచండి, నాకు ఇందులో నచ్చింది ఆ ఇంటి సందడి. ఇంటినిండా జనం, ఒకరు చెప్పేది ఇంకొకరు పూర్తిగా వినరు, బావామరదళ్ళు ఎదురుపడితే చాలు తగువు. మణిశర్మ సంగీతంలో సిరివెన్నెలగారు రాసిన పెళ్ళి పాట ఉంది కదా, అలనాటి రామచంద్రుడి పాట. మా వైపు పెళ్ళి వీడియో అంటే తలంబ్రాల దగ్గర ఆ పాట పడాల్సిందే. పెళ్ళి ఎవరిదైనా, ఎడిటర్ ఎవరైనా. సెకండాఫ్‌లో శాపం బరువెక్కాక ఆ సందడి తగ్గిపోయింది, నా మార్కులూ తగ్గాయి.

(మూడు)

ఔను వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు, 2002. వంశీ. ఒకే గది, పగలు ఒకరికి, రాత్రి ఒకరికి. రవితేజ, కల్యాణి ఒకరినొకరు చూసుకోకుండానే ఆ గదిలో మకాం. ఒకరు వదిలేసిన వస్తువుల్ని బట్టి రెండో వాళ్ళు ఇలాంటి మనిషై ఉంటారని ఊహించుకోవడం, బయట ఎదురుపడి పోట్లాడుకోవడం. ఇళయరాజా లేకుండా వంశీ ఏంటి అనుకున్నవాళ్ళకి చక్రి సమాధానం చెప్పాడు. ఇక కొండవలస లక్ష్మణరావుగారు, కృష్ణభగవాన్, జీవా! “ఐతే ఓకే” అనే ఊతపదం ఈ సినిమాతోనే ఊరూరా పాకింది. కొండవలసగారిది గోదావరి యాస కాదు, ఉత్తరాంధ్ర. ఉద్యోగం విశాఖ పోర్టులో. అయినా మా ఊళ్ళో పంచాయతీ గొడవల్లో ఆ మాట వాడని పెద్దమనిషి లేడు.

(కెమెరా కొంచెం కదులుతుంది.)

ఏంటి బావా? ... మా బావ అండి, కెమెరా పట్టుకున్నది ఈయనే. ఇక్కడే ఒక థియేటర్లో ఆపరేటర్‌గా చేశాడు. ‘అతడు’ సినిమా ఎక్కడరా అంటున్నాడు. వస్తా, ఆగు. ముందు ఆ రీళ్ళ సంగతి చెప్పు, రెండో ర్యాంకుకి అది కావాలి.

(బావ గొంతు మాత్రమే. స్క్రీన్ మీద ప్రొజెక్టర్ బొమ్మ.)

“వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలొస్తదిరా. మూడు గంటల సినిమా అంటే పదహారు, పదిహేడు రీళ్ళు. రెండేసి కలిపి స్పూలుకి చుట్టేవాళ్ళం. మెషీన్లు రెండు. మొదటి దాంట్లో స్పూలు అయిపోయే ముందు తెర కుడి పక్క పై మూల చిన్న చుక్క పడతది. అది చూడగానే రెండో మెషీన్ మోటారు ఆన్ చెయ్యాలి. కొన్ని సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు ఇటు షట్టర్ మూసి అటు తెరవాలి. చుక్క చూసుకోపోతే తెర తెల్లగైపోయి కుర్చీలు విరిగిపోయేవి.”

అదండి. సంక్రాంతి వచ్చిందంటే ఈయనకి నిద్ర లేదు. 2004 సంక్రాంతికి వర్షం, అంజి, లక్ష్మీనరసింహా మూడూ ఒకేసారి దిగాయి. పండక్కొచ్చిన కొత్త అల్లుడు మరదళ్ళనీ బావమరుదుల్నీ సినిమాకి తీసుకెళ్ళి తీరాలి. భీమవరం వైపు కోడిపందాల దగ్గర్నుంచి తేలిన జనమంతా సెకండ్ షోకి వచ్చిపడేవారు. షోకి షోకి మధ్య ఖాళీ సరిపోక చిన్న థియేటర్లలో ఏం చేసేవారంటే, పాట ఉన్న చోట రీలు ఎగరగొట్టేసేవారు. హీరో హీరోయిన్లు రోడ్డు మీద చూసుకుంటారు, వెంటనే ఇంట్లో టిఫిన్ తింటూ ఉంటారు. మధ్యలో స్విట్జర్లాండ్ మాయం.

(రెండు)

ఇప్పుడు రెండో ర్యాంకు. నువ్వు నాకు నచ్చావ్, 2001. మూడు గంటల పైచిలుకు సినిమా. ఫైట్లు లెక్కలోకి రావు. అంతా మాటలే. బావ చెప్పేదేంటంటే, ఈ సినిమాకి పాట కోస్తే జనం ఊరుకున్నారట గానీ, డైనింగ్ టేబుల్ దగ్గర ప్రార్థన సీను ఒక షోలో తెగితే గేటు దగ్గరికొచ్చి మేనేజర్‌ని పట్టుకున్నారట.

విజయభాస్కర్ దర్శకత్వం, స్రవంతి రవికిశోర్ నిర్మాత, కోటి సంగీతం, రాసింది త్రివిక్రమ్. ఉద్యోగం కోసం నాన్న స్నేహితుడి ఇంటికొచ్చిన వెంకీ. ఆ నాన్న చంద్రమోహన్, ఆ స్నేహితుడు ప్రకాశ్‌రాజ్. పెద్దింట్లో అతిథిగా ఉన్నవాడికి ఆస్తి అంటూ ఏముంది, నోరే. అందరినీ వెటకారం చేస్తాడు, ముందుగా తనని తనే చేసుకుంటాడు. మా వైపు పద్ధతి అదే. ఎదుటివాడి మీద రాయి వెయ్యాలంటే ముందొకటి మన మీద వేసుకోవాలి, అప్పుడే వాడు నవ్వుతాడు. పనివాడి వేషంలో సునీల్, వెంకటేశ్ కలిసి కూర్చున్న సీన్లన్నీ భీమవరం అరుగు మీద విన్నట్టే ఉంటాయి.

అసలు గొప్పతనం ఇంకో చోట ఉంది. నందిని తన ఇష్టం చెప్పేశాక గమనించండి. వెంకీ నోరు పడిపోతుంది. అన్నం పెట్టిన మనిషి కూతురు, నాన్న స్నేహం పోతుంది, ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. అప్పటిదాకా గలగలా వాగినవాడు మర్యాదగా, ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెడతాడు. వెటకారం ఆగిపోతే ఏదో పెద్ద నొప్పి ఉందని మా వైపు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క డైలాగు లేకుండా అర్థమైపోతుంది. డైలాగుల సినిమా అని పేరు గానీ, దాని ప్రాణం ఆ నోరు మూసుకున్న అరగంటలో ఉంది.

బావా, నీ అతడు సంగతి ఇక్కడే చెప్పేస్తా. 2005, త్రివిక్రమ్ దర్శకుడిగా రెండో సినిమా. ఇందులో ఇల్లంతా మాట్లాడుతుంటే మధ్యలో హీరో మౌనం. తోట తరణిగారు వేసిన ఆ ఇంటి సెట్టు చూసి నిజం ఇల్లనుకుని, అలాంటిది కట్టుకోవాలని ప్లాన్లు గీయించుకున్నవాళ్ళు మా చుట్టుపక్కల ఉన్నారు. టీవీలో ఎన్నిసార్లు వేసినా చూస్తాం. కానీ తుపాకులకీ సీబీఐకీ పోయిన టైమంతా ఆ ఇంటి వరండాకి ఇచ్చి ఉంటే నీ మాటే నెగ్గేది. ఏడో ర్యాంకు అనుకో.

(ఒకటి)

ఒకటో ర్యాంకు, అష్టా చమ్మా, 2008.

ఇంద్రగంటి మోహనకృష్ణ. ఆయన నాన్నగారు కవి ఇంద్రగంటి శ్రీకాంతశర్మగారు, పుట్టింది మా తూర్పు రామచంద్రపురం. మోహనకృష్ణ మొదటి సినిమా గ్రహణం, చలంగారి ‘దోషగుణం’ కథ. చూస్తే ఊపిరాడదు. అలాంటి మనిషి తర్వాత ఇంత తేలిగ్గా నవ్వించాడు. నానికి ఇది మొదటి సినిమా, అవసరాల శ్రీనివాస్‌కీ మొదటిదే. స్వాతికి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అవార్డొచ్చింది.

కథకి మూలం 1895లో లండన్‌లో ఆడిన ఆస్కార్ వైల్డ్ నాటకం. అక్కడి అమ్మాయికి ఎర్నెస్ట్ అనే పేరున్నవాడే కావాలి. ఇక్కడ లావణ్యకి మహేశ్ అనే పేరున్నవాడే కావాలి, మహేశ్‌బాబు పిచ్చి అలాంటిది. ఇది నమ్మశక్యంగా లేదనేవాళ్ళు మా వైపు ఫ్లెక్సీలు చూడలేదన్నమాట. సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఏ హీరో ఫ్యానో వాకబు చేసిన ఇల్లు నాకు తెలుసు.

లక్కవరంలో రాంబాబు బాధ్యత గల పెద్దమనిషి. వయసు చూస్తే కుర్రాడే, ఊరు మాత్రం వాడికి పెద్దరికం తగిలించేసింది. ఊపిరి తీసుకోవాలంటే హైదరాబాద్ పోవాలి, పోవడానికి ఒక సాకు కావాలి. కాబట్టి అక్కడ మహేశ్ అనే తమ్ముడున్నాడనీ, వాడు ఎప్పుడూ ఏదో ఒక తంటా తెస్తాడనీ ఊరికి చెప్తాడు. హైదరాబాద్‌లో తనే మహేశ్. వైల్డ్ నాటకంలో ఇది దొరల ఇళ్ళలో టీ తాగుతూ నడిచే వ్యవహారం. మర్యాద కోసం అబద్ధమాడటం, ఆ అబద్ధాన్ని కాపాడటానికి ఇంకో అబద్ధమాడటం అక్కడి దొరలకి ఎంత అలవాటో డెల్టాలో నాలుగెకరాల ఆసామికీ అంతే అలవాటు. అందుకే సినిమా చూసినవాళ్ళలో ఎవరికీ ఇది పరాయి దేశపు కథ అనిపించలేదు. పెళ్ళికొడుకుని నిలబెట్టి కులగోత్రాలు కడిగే పెద్దావిడ నాటకంలో ఉంటుంది. ఇక్కడ ఆ పెద్దరికం మందిరాదేవిగా ఝాన్సీది. మీ చుట్టాల్లో అలాంటావిడ లేరని చెప్పండి చూద్దాం.

ఆ రోజుల్లో కామెడీ అంటే ఒకడు ఇంకొకడి చెంప వాయించడమే. ఎన్ని దెబ్బలు తింటే అంత నవ్వు. ఇందులో ఎవరూ ఎవరినీ కొట్టరు. విలన్ లేడు. తెలివైనవాళ్ళు నలుగురు ఒకరి అబద్ధంలో ఒకరు ఇరుక్కుని, ఇరుక్కున్నా నోరు తగ్గించుకోకుండా మాట్లాడుతుంటారు. ఆడపిల్లలిద్దరి నోళ్ళూ మగవాళ్ళకి సమానంగా నడుస్తాయి. ఆర్యలో లేనిది అదే, నువ్వు నాకు నచ్చావ్‌లో కూడా నందినికి అంత వాటా దక్కలేదు. ఆ ఒక్క మార్కుతోనే ఇది పైకెళ్ళింది.

(కెమెరా వెనక నుంచి దగ్గు.)

బావ ఒప్పుకోవట్లేదండి. వచ్చే వీడియోలో కుర్చీలో ఆయన, కెమెరా వెనక నేను. లిస్టు రాసేశాడట. అందులో నరసింహనాయుడు ఎన్నో ర్యాంకని అడుగుతుంటే మాత్రం, అప్పుడు చూసుకోమంటున్నాడు.