సెన్సార్ మార్చే ముందు మీటరు పట్టండి

(విజయవాడ ఆటోనగర్‌లో భారీ యంత్రాల మెకానిక్‌ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొక్లెయిన్లు, లోడర్లు, డోజర్లు రోజూ విప్పి బిగించేవాళ్లే మీరంతా. అందుకే ఈ పూట ఒక్క చిన్న భాగం గురించే మాట్లాడతాను: ఇంజిన్ కూలెంట్ టెంపరేచర్ సెన్సార్. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం ఎంత వేడిగా ఉందో కొలిచే బొటనవేలంత ముక్క. అది లేని వేడి చూపిస్తే ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, పవర్ తగ్గించేస్తుంది, బండి సైట్లోనే ఆగిపోతుంది. ఉన్న వేడి దాచిపెడితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, హెడ్డు వంగుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఎర్ర లైటు వెలగదు, కోడ్ రాదు, ఆపరేటర్‌కి అనుమానమే కలగదు.

లోపల ఉండేది థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. బాగా వాడకంలో ఉన్న రెండు పిన్నుల బాష్ రకం లెక్క చెబుతాను, రాసుకోండి. 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌లు. 40 దగ్గర సుమారు 1,170. 80 దగ్గర 320. 100 దగ్గర 187. మీ బండి సెన్సార్‌కి అంకెలు వేరుగా ఉండొచ్చు, దాని మాన్యువల్‌లో ఉన్న పట్టికనే పట్టుకోండి. ఈసీఎం తన లోపలి రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సార్ దగ్గర ఎంత మిగిలిందో చూసి డిగ్రీలు లెక్కగడుతుంది. వైరు తెగితే దాదాపు 5 వోల్టులూ అలాగే ఉండిపోతాయి. ఎర్త్‌కి తగిలితే సున్నాకి పడిపోతుంది.

ఇక కోడ్‌ల సంగతి. ఎస్‌పీఎన్ అంకె లోపం ఏ భాగానిదో చెబుతుంది, ఎఫ్ఎంఐ అంకె అది ఎలాంటి లోపమో చెబుతుంది. డిస్‌ప్లేలో ఎస్‌పీఎన్ 110 అంటే కూలెంట్ టెంపరేచర్. పక్కన ఎఫ్ఎంఐ 3 ఉంటే వోల్టేజ్ ఎక్కువ, అంటే ఎక్కడో తెగింది. 4 ఉంటే వోల్టేజ్ తక్కువ, అంటే షార్ట్. 0 గానీ 16 గానీ వస్తే ముందు సెన్సార్ జోలికి పోకండి, ఇంజిన్ నిజంగానే కాలుతోందనుకుని మొదలుపెట్టండి. కూలెంట్ మట్టం, బెల్టు, ఫ్యాన్, రేడియేటర్ రెక్కలు చూడండి. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం వైపు బూడిద ఎత్తే లోడరైతే రెక్కల మధ్య గాలి దూరే సందే ఉండదు.

ఎఫ్ఎంఐ 3 వచ్చిందనుకుందాం. కీ ఆపి, సెన్సార్ కప్లర్ (వైర్లను సెన్సార్‌కి తగిలించే ప్లగ్గు) ఊడదీసి, వైరింగ్ వైపు రెండు పిన్నులనూ చిన్న వైరుతో కలిపి, కీ వేయండి. కోడ్ 4కి మారితే వైరింగూ ఈసీఎమ్మూ బాగున్నట్టే, సెన్సారే పోయింది. మారకపోతే కొత్త సెన్సార్ కొన్నా దండగే. మొదట 4 ఉంటే కప్లర్ ఊడదీస్తే చాలు: 3కి మారితే సెన్సార్ లోపల షార్ట్, 4గానే ఉంటే షార్ట్ వైరింగ్‌లో ఉంది. ఈ పద్ధతి రెండు పిన్నుల సెన్సార్లకే. మూడు పిన్నులుంటే అందులో ఒకటి కరెంటు సప్లై కావొచ్చు, దాన్ని కలపకూడదు.

కోడ్ వస్తే పని సులువే. అసలు తలనొప్పి కోడ్ లేకుండా గేజు తప్పు చూపించే బండి. ప్రెషర్ వాషర్‌తో కడిగిన బండి కప్లర్ విప్పి, వెలుతురులో పెట్టి చూడండి. పిన్ను మొదట్లో పచ్చని పొడి కనిపిస్తుంది. ఆ చిలుము 130 ఓమ్‌లు అడ్డం పడిందనుకోండి. సంక్రాంతి రోజుల్లో, పొద్దున్నే 20 డిగ్రీల దగ్గర 2,500కి 130 కలిస్తే గేజు తేడా ఒక్క డిగ్రీ. ఎవరూ గమనించరు. అదే మే నెల మధ్యాహ్నం ఇంజిన్ 100కి చేరితే 187కి 130 కలిసి 317 అవుతుంది. ఈసీఎం దాన్ని 80 డిగ్రీలని చదువుతుంది. ఇరవై డిగ్రీలు మాయం! గేజు ముల్లు మధ్యలోనే ఉంటుంది, రేడియేటర్ మాత్రం పొంగుతుంది.

లీకేజీ దీనికి తలకిందులు. కప్లర్‌లోకి తడి దిగి, రెండు వైర్ల మధ్య 2,500 ఓమ్‌ల దారి ఏర్పడిందనుకోండి. 20 డిగ్రీల చల్లని ఇంజిన్‌ని 38 అని చూపిస్తుంది. 100 దగ్గర మాత్రం తేడా రెండు మూడు డిగ్రీలే. అంటే చల్లగా ఉన్నప్పుడు తప్పు చూపిస్తే తడి కోసం వెతకండి, వేడెక్కాక తక్కువ చూపిస్తే చిలుము, వదులు పిన్ను కోసం వెతకండి.

అందుకే పరీక్ష రెండు పూటలా చేయాలి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున స్టార్ట్ చేయకుండా కీ మాత్రం వేసి, కూలెంట్, ఇన్‌టేక్ గాలి, డీజిల్ టెంపరేచర్లు మూడూ చూడండి. ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒక్కటే పది డిగ్రీలు పక్కకి పోతే దాని మీదే అనుమానపడండి. మధ్యాహ్నం లోడు మీద వేడెక్కాక గేజు ఎంత చూపిస్తోందో రాసుకుని, బండి ఆపి, వెంటనే కప్లర్ తీసి నేరుగా సెన్సార్ పిన్నుల మీద ఓమ్‌లు కొలవండి. అక్కడ 187, గేజు మీద 80 ఉంటే సెన్సార్ నిర్దోషి. కప్లర్ నుంచి ఈసీఎం దాకా ఒక్కో వైరూ కొలిచి, కొలుస్తూనే వైరును కదపండి. 10 ఓమ్‌లు దాటకూడదు. మీటరు వైరు చివరి ముల్లును (ప్రోబ్‌ని) ఆడ పిన్నులోకి గుచ్చితే అది వెడల్పయిపోయి కొత్త వదులు మీరే తెచ్చినట్టవుతుంది. అదే సైజు పిన్నుకి వైరు తగిలించి దూర్చండి. ఇన్సులేషన్ గుచ్చి చూసే అలవాటు కూడా మానేయండి, ఆ కన్నంలోంచే తడి దిగుతుంది.

ఇన్‌ఫ్రారెడ్ గన్నుతో థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) హౌసింగ్ మీద చూసేవాళ్లు మెరిసే అల్యూమినియం మీద చూడకండి, తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

విప్పిన సెన్సార్‌ని పరీక్షించడానికి గిన్నెడు నీళ్లు, థర్మామీటరు చాలు. కొన మాత్రమే మునగాలి, గిన్నె అడుగుకి తగలకూడదు. గది వేడి దగ్గర, 60 దగ్గర, మరిగేటప్పుడు, మూడుసార్లు కొలవండి. మన విజయవాడ పెద్ద ఎత్తులో లేదు కాబట్టి మరిగే నీళ్లను 100 అనుకోవచ్చు. కొన మీద తెల్లటి సున్నం కట్టి ఉంటే అంకెలు సరిగ్గానే వస్తాయి, కానీ ఆలస్యంగా వస్తాయి. బోరు నీళ్లు పోసిన రేడియేటర్లలో ఇది మామూలే.

బిగించేటప్పుడు, ఇంజిన్ 50 డిగ్రీల కిందకి చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. సెన్సార్ మట్టం కంటే కిందికి కూలెంట్ దించండి. పాత బండ్లలో గేజుకి వేడి తెలిపే, ఒకే వైరున్న సెన్సార్‌కి (సెండర్‌కి) మర మీదుగానే ఎర్త్ అందుతుంది, దానికి టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ పోయి గేజు చల్లగా చూపిస్తుంది. కూలెంట్ నింపాక గాలి పూర్తిగా తీసేయండి. సెన్సార్ కొన గాలి బుడగలో ఉంటే గేజు ఊగుతుంది, కొత్త సెన్సార్ కూడా చెడిపోయిందనిపిస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజిన్ తిప్పి, చల్లారాక మట్టం మళ్లీ చూసి, తక్కువైతే నింపి, అప్పుడు కోడ్ చెరపండి.